హేవలాక్ వంతెనపై నడక ఎవరిది?

రాజమహేంద్రవరం: 1900లో రైళ్ల రాకపోకలు ప్రారంభమైన హేవలాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. 56 స్పాన్ల ఈ వంతెనను పర్యాటక ఆకర్షణగా తీర్చిదిద్దేందుకు రూ.94.44 కోట్ల అఖండ గోదావరి పథకానికి 2025 జూన్ 26న శంకుస్థాపన జరిగింది. 2027 పుష్కరాలే లక్ష్యం.

నిధుల మాట అలా ఉంచితే, అసలు చిక్కు ఉమ్మడి బాధ్యతలోనే ఉంది. వంతెనకు ఈ చివర నగరపాలక సంస్థ, ఆ చివర కొవ్వూరు పురపాలక సంఘం. పథకం పర్యాటక శాఖది, నది జలవనరుల శాఖది. 2022 వరకు రెండు ఒడ్లూ రెండు జిల్లాలవి. ఇప్పుడు రెండింటికీ కలెక్టరు ఒక్కరే కనుక సరిహద్దు సాకు చెల్లదు.

వంతెన కేవలం టికెట్టుతో చూసే వేడుకగా మిగిలితే స్థానికులకు ఒరిగేది స్వల్పం. రోడ్డు కం రైలు వంతెనపై వాహనాల పక్కన బిక్కుబిక్కుమంటూ సైకిలు తొక్కే శ్రమజీవికి ఇక్కడ ఉచితంగా దారి దొరకాలి. అందుకు దీపాలు, పారిశుద్ధ్యం, వేళల నిర్ణయంలో ఉదయపు నడకదారుల సంఘాలకు, పడవ నడిపేవారికి, కాలనీ సంఘాలకు చోటివ్వాలి. ఘాట్లలో పుష్కరాల రంగులు వెలిసిపోవడం ఈ ఊరికి కొత్త కాదు. నిర్వహణ ఒప్పందం పనులు ముగిసేలోపే రాతపూర్వకంగా కుదరాలి.