గుంపుగా ఆడే గేమ్, ఒక్కరే ఆడే గేమ్: మన కథకి ఏది చోటిస్తుంది?



మన గ్రూపులో చదువు, ఉద్యోగాలు, పోడు పట్టాల గురించి పోస్టులు చాలా వస్తాయి. మొబైల్ గేమ్స్ గురించి మాత్రం ఎవరూ రాయరు. రాసినా "పిల్లలు చెడిపోతున్నారు" అని ఓ మాట తిట్టి వదిలేస్తారు. హాస్టల్ తమ్ముళ్లు సెలవులకి ఊరెళ్తే, సిగ్నల్ దొరికే గుట్ట మీద కూర్చుని ఆడేది గేమే కదా. అందుకే కొంచెం పొడవుగా రాస్తున్నా, ఓపికగా చదవండి.

గేమ్స్‌లో ముఖ్యంగా రెండు రకాలు. ఫ్రీ ఫైర్, బీజీఎంఐ లాంటివి మల్టీప్లేయర్. నెట్ ఉండాలి, ఎదురుగా ఎక్కడో ఉన్న వేరే మనుషులు ఆడుతుంటారు. రెండోది సింగిల్ ప్లేయర్. ఒక్కరే ఆడతారు, చాలావాటిలో ఒక కథ ఉంటుంది, దానికో మొదలు, చివర ఉంటాయి. ఒకసారి దించుకుంటే చాలావాటికి మళ్లీ నెట్ అక్కర్లేదు.

మనవాళ్లకి మల్టీప్లేయర్ ఎందుకు నచ్చుతుందో తెలియనిది కాదు. పొలం పనైనా, పండగైనా నలుగురితో కలిసి చెయ్యడమే మనకి అలవాటు. స్క్వాడ్‌లో ఒకడు పడిపోతే ఇంకొకడు ప్రాణాలకి తెగించి వెళ్లి లేపుతాడు. క్లాసులో నోరు విప్పని కుర్రాడు ఆ మైకులో నలుగురికీ దారి చెప్తాడు. దీన్ని తక్కువ చెయ్యడం తప్పు.

కానీ ఆ ఆట మన చేతిలో లేదు. మొదటి సంగతి, సిగ్నల్. సిటీలో వైఫై మీద ఆడేవాడికీ, ఒక్క గీత సిగ్నల్‌తో ఆడేవాడికీ పోటీ సమానం కాదు. మనం తుపాకీ ఎత్తేలోపే అవతలివాడు కాల్చేసి ఉంటాడు. రెండోది, ఆ ఆటకి చివర లేదు. ఒక సీజన్ అయిపోగానే ఇంకో సీజన్, కొత్త డ్రెస్సు, కొత్త గన్ స్కిన్. డైమండ్స్ కొనమని రోజూ అడుగుతూనే ఉంటుంది. మూడోది, అది ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో మనం చెప్పలేం. పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబర్‌లో మన దేశంలో నిషేధించారు. దాని స్థానంలో వచ్చిన బీజీఎంఐని 2022 జూలైలో స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మేలో మళ్లీ వచ్చింది. సర్వర్ కంపెనీది, అనుమతి ప్రభుత్వానిది. మనది వేలు ఒక్కటే.

ఇప్పుడు అలాస్కా సంగతి చెప్తాను. అక్కడ మంచు ప్రాంతంలో ఇన్యూపియాట్ అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్ల కథతో 2014లో 'నెవర్ అలోన్' అనే గేమ్ వచ్చింది. వాళ్ల భాషలో పేరు 'కిసిమా ఇన్‌గిచునా', అంటే నేను ఒంటరిని కాదు అని. ఆగని మంచు తుఫాను ఎక్కడ పుడుతోందో వెతుక్కుంటూ నూనా అనే చిన్నపిల్ల, ఒక తెల్ల నక్క బయల్దేరతాయి. కథ చెప్పే గొంతు ఇన్యూపియాక్ భాషలోనే వినిపిస్తుంది, కింద అక్షరాలు వస్తాయి. ఆడుతూ వెళ్తుంటే ఆ సమాజం మనుషులే తమ జీవితం గురించి మాట్లాడే చిన్న వీడియోలు ఒక్కొక్కటి తెరుచుకుంటాయి.

దీని వెనక ఉన్నది కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే ఆదివాసీ సంస్థ. ప్రభుత్వ గ్రాంట్ల మీదే ఆధారపడకుండా సొంత ఆదాయం ఉండాలని గేమ్ రంగంలోకి దిగింది. దాదాపు 40 మంది పెద్దలు, కథలు చెప్పేవాళ్లు, సమాజం మనుషులు గేమ్ తయారుచేసేవాళ్లతో కలిసి పనిచేశారు. 2015లో తొలి గేమ్ విభాగంలో బాఫ్టా అవార్డు వచ్చింది.

అది ఒక్కరే ఆడుకోవచ్చు, లేదా ఒకే స్క్రీన్ ముందు ఇద్దరు కూర్చుని ఆడుకోవచ్చు. సింగిల్ ప్లేయర్ అంటే మనిషిని ఒంటరి చేస్తుంది అంటారు. నేను ఒప్పుకోను. మన ఊళ్లో కథ చెప్పేది ఒక్కరే, వినేది ఊరంతా. అలాగే ఒకడు ఆడుతుంటే పక్కన నలుగురు చూస్తారు, "అటు పోరా, ఇటు దూకరా" అంటారు. కథకి చోటిచ్చేది ఈ ఆటే. వంద మంది ఒకరినొకరు కాల్చుకునే చోట కథ వినే తీరిక ఎవరికుంటుంది?

మనకి తొందర ఎందుకంటే, సమ్మక్క సారలమ్మ కథని డోలి మీద పాడిన పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారు 2024లో పోయారు. గుస్సాడీని దేశానికి చూపించిన పద్మశ్రీ కనకరాజు గారు కూడా అదే ఏడాది పోయారు. అవార్డు రాని పెద్దలు ఎంతమంది పోతున్నారో మన ఊళ్లు చూస్తే తెలుస్తుంది. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. లిపి ఫోన్‌లోకి వచ్చే దారి పడింది, కథ మాత్రం ఇంకా రాలేదు. మన కథ మనం చెప్పకపోతే బయటివాళ్ల గేమ్‌లో మనం ఈటె పట్టుకుని అరిచే శత్రువులుగానే మిగులుతాం.

బీటెక్, డిగ్రీ కంప్యూటర్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు మనలో చాలామంది ఉన్నారు. గోడో అనే గేమ్ ఇంజిన్ పూర్తిగా ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. వేల మంది ఆడే మల్టీప్లేయర్‌కి సర్వర్లు కావాలి, ప్రతి నెలా డబ్బు కావాలి. అరగంటలో అయిపోయే చిన్న సింగిల్ ప్లేయర్ గేమ్‌ని నలుగురు స్టూడెంట్లు చెయ్యగలరు. బ్లూటూత్‌లో ఊరంతా పంచుకోవచ్చు.

ఒక్క షరతు. ముందు పెద్దల్ని అడగాలి. ఏ కథ బయట చెప్పొచ్చు, ఏ దేవత పాట పూజలోనే ఉండాలి అనేది వాళ్లు చెప్పాలి. వాళ్లు వద్దన్నది గేమ్‌లో పెట్టకూడదు.

ఫ్రీ ఫైర్ మానెయ్యమని నేను చెప్పట్లేదు. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు అదే ఫోన్‌తో మీ తాతో, అవ్వో చెప్పే ఒక కథని మీ భాషలోనే రికార్డు చెయ్యండి. చెప్పొచ్చు అని వాళ్లు ఒప్పుకుంటే ఏ ఊరు, ఏ కథ అని కింద రాయండి. కోడింగ్ వచ్చినవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు కూడా చెయ్యెత్తండి. కథ దొరికాక టీమ్ గురించి మాట్లాడుకుందాం.

జై ఆదివాసీ.