మెప్పించు స్పీకరా? తప్పుపట్టు స్పీకరా?
స్టూడియోలో పాటను సరిదిద్దుటకు వాడు స్పీకరు వీనులవిందుగా మ్రోగవలెనని పలువురి తలంపు. నాకది సమ్మతము కాదు. ఇంపైన స్పీకరు దాచిన దోషము శ్రోత యింట బయటపడును.

జపానుదేశపు యమహా కంపెనీవారు 1978లో ఎన్.ఎస్.10 అను స్పీకరును గృహములకై విక్రయమునకు దెచ్చిరి. ఇండ్లలో దానికి ఆదరణ కొఱవడెను. స్టూడియోలలోనో, దాని తెల్లని శంకువు నెఱుగని శబ్దనిపుణుడు అరుదు. అది గాలి వెడలు రంధ్రము లేని మూసిన పెట్టె. కావున పాట యాగినంతనే తానును ఊరకుండును. మంద్రధ్వని సాగిలబడి తప్పులను కప్పదు. గాయకుని కంఠము పలుకు మధ్యస్థాయి యందు కొంత పెచ్చు. గొంతులోని కర్కశత్వము వెంటనే చెవికి గ్రుచ్చుకొనును. లోతైన మంద్రమును విచారించుటకు మాత్రము వేరొకటి వలయును.

2001లో దాని తయారీ నిలిచినది. నేడు వేరు స్పీకరులను కొనువారు తామెఱిగిన పాటనే, తమ గదిలోనే, రెంటిని సమానమైన బిగ్గఱతనమున నుంచి వినవలెను. కొంచెము బిగ్గఱగా మ్రోగినదే మేలైనదని చెవి భ్రమించును. అంగడివారీ సంగతి చెప్పరు.