మంచి ముక్కలే అసలు చిక్కు

2003 మే నెల. లాస్ వేగాస్‌లోని బినియన్స్ హార్స్‌షూ కేసినో. ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన పోటీకి దిగిన 839 మందిలో చివరికి ఇద్దరే మిగిలారు. ఒకరు బీరూట్‌లో పుట్టిన శామీ ఫార్హా. ఈ ఆటలో ఆరితేరిన వాడు. రెండోవాడు టెన్నెసీకి చెందిన 27 ఏళ్ల అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్. ఇంటిపేరు నిజంగా అదే. 10,000 డాలర్ల ప్రవేశ రుసుము కట్టకుండా, ఇంటర్నెట్‌లో 86 డాలర్ల చిన్న పోటీ గెలిచి వచ్చాడు. గెలిచినవాడికి 25 లక్షల డాలర్లు, ఓడినవాడికి 13 లక్షలు.

ఒక పంపకంలో ఫార్హాకు రాణి, తొమ్మిది వచ్చాయి. బల్లమీద ఇద్దరికీ ఉమ్మడిగా పరిచిన అయిదు ముక్కల్లో పెద్దది తొమ్మిదే. అంటే పై జత కుదిరింది. ఇద్దరే ఆడుతున్నప్పుడు అది గట్టి బలమే. కానీ ఆ అయిదింటిలో మూడు ఇస్పేట్లు. పైగా ఆరు, ఎనిమిది, తొమ్మిది వరసకు దగ్గరగా ఉన్నాయి. చివరి ముక్క పడగానే మనీమేకర్ తన చిప్సన్నీ పందెం కాశాడు. ఎదుటివాడికి రంగు కుదరలేదేమోనన్న అనుమానం ఫార్హాకు వచ్చింది, పైకే అన్నాడు కూడా. అయినా చాలాసేపు తర్జనభర్జన పడి ముక్కలు పారేశాడు. మనీమేకర్ దగ్గరున్నవి రాజు, ఏడు. ఒక్క జత కూడా లేదు.

రమ్మీకి అలవాటుపడిన మనకు ఇది ఓ పట్టాన మింగుడుపడదు. పదమూడు ముక్కలూ సర్దుకోగానే ఆడాలో డ్రాప్ చేయాలో చాలావరకు తెలిసిపోతుంది. పోకర్‌లో మన ముక్కల విలువ అవతలివాడి చేతిలో ఉంటుంది. రెండు ఆసులు సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తాయి. అంతకు మించిన ఆరంభం లేదు. ఒక్క ప్రత్యర్థితో చివరిదాకా వెళితే అవి నూటికి 85 సార్లు గెలుస్తాయి. ఎనిమిది మందీ చివరిదాకా నిలిస్తే గెలుపు అవకాశం మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. పనికిరాని ముక్కలతో పేచీ లేదు, విసిరేస్తే సరి. నిలువునా ముంచేవి మంచి ముక్కలే.

అందులోనూ ఇది టోర్నమెంట్. ఇంట్లో ఆడే పేకాటలో డబ్బు పోతే మళ్లీ జేబులో చెయ్యి పెట్టొచ్చు. ఇక్కడ చిప్సు అయిపోతే కుర్చీ ఖాళీ చేయాల్సిందే. నలుగురైదుగురు మిగిలిన దశలో ఆ భయంతో మంచి ముక్కలు వదులుకున్నా తప్పులేదు, ఇంకొకరు ముందు ఓడితే మన బహుమతి ఒక మెట్టు పెరుగుతుంది. ఫార్హాకు ఆ సాకు లేదు. రెండో స్థానం అప్పటికే ఖాయమైంది. ఆయన నిర్ణయం కేవలం ఎదుటివాడిపై వేసుకున్న అంచనా.

అయినా ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. బోర్లించిన ముక్కలను టీవీ కెమెరా మనకు చూపించింది. ఆయనకు కనిపించినవి మూడు ఇస్పేట్లు, నల్ల కళ్లద్దాల వెనుక ఓ మొహం.

తర్వాత ఆయనకు మళ్లీ పై జతే పడింది. చేతిలో జాకీ, పది. బల్లమీద జాకీ, అయిదు, నాలుగు. ఈసారి వదల్లేదు. చిప్సన్నీ మధ్యకు చేరాయి. మనీమేకర్ తిప్పిన ముక్కలు అయిదు, నాలుగు: రెండు జతలు. చివరికి మరో అయిదు పడి ఆట ముగిసింది. మరుసటి ఏడాది అదే పోటీకి 2,576 మంది వచ్చారు.