పెద్ద తెరమీద చిన్న అక్షరం

శంఖినీ డంకినీ నదులు కలిసే చోట, బస్తరు సీమలోని దంతెవాడలో, దంతేశ్వరీ దేవి ఆలయం ఉన్నది. అందులో 1703 నాటి రెండు శాసనాలున్నాయి. విషయం దాదాపు ఒకటే, భాషలు రెండు. ఒకటి సంస్కృతం, రెండవది దేశభాష. కలికాలంలో సంస్కృతం చదవగలవారు అరుదు గనుక అందరికీ తెలిసే భాషలో మళ్లీ రాయించవలసి వచ్చిందని ఆ రెండవ శాసనమే సంజాయిషీ చెప్పుకుంటుంది. (అనువాదానికి ఇంతకంటె సూటి అయిన సమర్థన ఏ గ్రంథపీఠికలోనూ కనిపించదేమో!) బస్తరు రాజు దిక్పాలదేవుని కాలంలో వెలసిన ఈ శాసనాలు ఆ రాజవంశాన్ని ఓరుగల్లు దాకా తీసుకుపోతాయి. కాకతి ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమరాజు ఓరుగల్లు విడిచి ఈ అడవి సీమకు వచ్చి రాజ్యం స్థాపించాడని చెబుతాయి. తెలుగువారి చరిత్రలోని ఒక పుట ఈ విధంగా తెలుగు నేలకు వెలుపల, దేవనాగరి లిపిలో, రాతిమీద మిగిలి ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో రాయ్ బహదూర్ హీరాలాల్ బస్తరు శాసనాలను పరిశీలించి 'ఎపిగ్రాఫియా ఇండికా'లో ప్రకటించారు. ఆనాటి పద్ధతి తడి కాగితాన్ని రాతికి అద్ది, బ్రష్షుతో మెల్లగా కొట్టి, పైన సిరా అద్ది ప్రతి తీయడం. ఆ పద్ధతి విలువ ఈనాటికీ తగ్గలేదు. కాని నిత్యపూజలు జరిగే గుడిలో రాతిని తడపడం అన్నివేళలా కుదిరే పని కాదు. అప్పుడు మిగిలేది రాతిని తాకకుండా పని ముగించే కెమెరా ఒక్కటే.

కెమెరాతో ప్రతి తీసేటప్పుడు అసలు చిక్కు ఫోకస్. నాగరి లిపిలో ఒక చుక్క చాలు, మాట మారిపోవడానికి. 'వ'కూ 'బ'కూ నడుమ ఉన్నది ఒక్క గీత. రాతిమీద కనిపించే గుంట ఉలి పెట్టిన అనుస్వారమా, వానదెబ్బకు లేచిన పెచ్చా? ఉలి గుంటకు అంచు ఉంటుంది. పెచ్చు అంచు చెదిరి ఉంటుంది. ఈ తేడాను పట్టి ఇచ్చేది పదునైన ఫోకస్ మాత్రమే. ఫోటో మసకబారితే రెండూ ఒకటే అవుతాయి. ఆ తరువాత కంప్యూటరులో ఎంత మెరుగు పెట్టినా, లేని అంచును అది కల్పిస్తుందే తప్ప ఉన్నదానిని తిరిగి తేలేదు.

లెక్క వేసి చూస్తే చిక్కు ఇంకా స్పష్టమవుతుంది. 2 కోట్ల 40 లక్షల బిందువుల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 100 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి, మీటరు దూరం నుంచి రాతిని తీశామనుకుందాం. చిత్రంలో పడేది సుమారు 32 సెంటీమీటర్ల వెడల్పు. మూడు మిల్లీమీటర్ల అనుస్వారం ఆ చిత్రంలో 55 బిందువుల వెడల్పున పడుతుంది. చదవడానికి ఇది ధారాళంగా చాలు. అయితే కెమెరా వీపున ఉండే మూడంగుళాల తెరమీద అదే చుక్క అర మిల్లీమీటరు! పైగా చాలా కెమెరాల తెరలకు '9 లక్షల 21 వేల చుక్కలు' అని గొప్పగా చెప్పే అంకె, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలను విడివిడిగా లెక్కించగా వచ్చినది. నిజానికి అక్కడున్నది అడ్డంగా 640, నిలువుగా 480 బిందువులే. చిత్రంలోని సుమారు 80 బిందువులు తెరమీద ఒక్కటిగా కుదించుకుపోతాయి. ఆ తెరమీద ప్రతి ఫోటో పదునుగానే కనిపిస్తుంది. మోసం అక్కడే ఉన్నది. మసక అని తెలిసేది వందల కిలోమీటర్లు వెనక్కు వెళ్లి, ఇంట్లో పెద్ద తెరమీద చూసుకున్నప్పుడు.

పాతకాలపు ఛాయాగ్రాహకులకు ఈ బాధ లేదు. హైదరాబాదులో ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్‌దయాళ్ 1880ల ఆరంభంలో మధ్యభారతంలోని ప్రాచీన కట్టడాలను తీసిన కాలంలో, కెమెరా వెనుక గరుకు గాజు పలక ఉండేది. ఛాయాగ్రాహకుడు తలమీద నల్లగుడ్డ కప్పుకుని, ఆ పలకమీద తలకిందులుగా పడిన బింబాన్ని భూతద్దంతో పరిశీలించేవాడు. ప్లేటు ఎంత పెద్దదో, చూసే బింబమూ అంతే పెద్దది. కెమెరాలు చిన్నవి కావడంతో ఆ పలక పోయింది. ఈనాడు కెమెరాకు హెచ్‌డీఎంఐ తీగతో తగిలించే ఐదు, ఏడు అంగుళాల మానిటర్ ఒక విధంగా ఆ గాజు పలకకు పునర్జన్మ. బింబం తలకిందులుగా లేదు, అంతే. పగటి ఎండలో దానిని చూడడానికి నల్లగుడ్డ మాత్రం మళ్లీ కావలసి వస్తున్నది.

అయితే తెర పెద్దదైనంత మాత్రాన పని తీరదు. ఏడంగుళాల మానిటర్‌మీద మన అనుస్వారం పెరిగేది మిల్లీమీటరు చిల్లరకే. దానిని మరింత పెద్దది చేసి చూడాలి. ఇందుకు రెండు దారులున్నాయి. తెలియక చాలామంది తప్పు దారి పడతారు. మానిటర్‌మీద ఉండే జూమ్ మీటను నొక్కితే, అది తనకు చేరిన బొమ్మనే సాగదీస్తుంది. చేరిన బొమ్మలో ఉన్నది సాధారణంగా అడ్డంగా 1,920 బిందువులే గనుక, సాగదీసినకొద్దీ కనిపించేది మసకే. కెమెరాలోని జూమ్ మీటను నొక్కితే కథ వేరు. అప్పుడు కెమెరా సెన్సారుమీది చిన్న భాగాన్ని ఎంచుకుని, దాని అసలు బిందువులనే తెరకు పంపుతుంది. పది రెట్లు పెంచినపుడు మన చుక్క మానిటర్‌మీద సెంటీమీటరుకు పైగా ఉంటుంది. ఉలి అంచు ఎక్కడ తెగిందో కంటికి తెలుస్తుంది. ఫోకస్‌కు పనికివచ్చేది ఈ జూమ్. కొన్ని కెమెరాలు మాత్రం పెంచిన బొమ్మను బయటికి పంపవు. కొనేముందే పరీక్షించుకోవలసిన విషయమిది.

పదునైన అంచులకు ఎర్రరంగు పులిమి చూపే 'పీకింగ్' అనే సదుపాయాన్ని రాతిపనిలో నమ్మరాదు. అది వెతికేది వెలుగునీడల తేడాను, అక్షరాన్ని కాదు. రాతి గరుకుకూ, పాచికీ, కుంకుమ రేణువుకూ సమానంగానే రంగు పూస్తుంది. మానిటర్‌లో పదును పెంచే మీట ఉంటే దానిని కూడా తగ్గించి ఉంచాలి.

ఎఫ్/8 వద్ద, మీటరు దూరంలో, పుస్తకాలు చెప్పే ఫోకస్ లోతు నాలుగు సెంటీమీటర్లు. అయితే అది మామూలు సైజు ఫోటోను చేతిలో పట్టుకుని చూసేవారి కోసం వేసిన లెక్క. బిందువు బిందువునూ పరీక్షించే శాసన పండితునికి మిగిలేది సెంటీమీటరు కూడా కాదు. కెమెరా రాతికి కొంచెం ఓరగా ఉన్నా ఒక మూల జారిపోతుంది. అందువల్ల మధ్యభాగం ఒక్కటే చూసి తృప్తిపడక, పెంచిన చట్రాన్ని నాలుగు మూలలకూ నడిపించి చూడాలి. కొన్ని లెన్సులకు రంధ్రం మూసినపుడు ఫోకస్ కొద్దిగా జరిగే గుణం ఉన్నది. కనుక ఏ రంధ్రంతో తీస్తామో దానితోనే సరిచూడడం మేలు.

మానిటర్ వల్ల కలిగే మరొక లాభం గురించి ఎవరూ అంతగా చెప్పరు. రెండు మీటర్ల తీగ ఉంటే తెరను కెమెరా నుంచి విడదీసి పక్కన పెట్టవచ్చు. కెమెరా తెలిసినవారికి లిపి తెలియకపోవచ్చు. లిపి తెలిసినవారు వ్యూఫైండరులో కన్ను పెట్టలేని వృద్ధులు కావచ్చు. ఒకరు లెన్సు తిప్పుతుంటే రెండవవారు తెర ముందు కూర్చుని, 'ఆ మాత్ర చూపించండి, దీపం ఇంకా కిందికి దించండి' అని చెప్పగలుగుతారు. దీపం రాతిపక్కగా, దాదాపు రాతిని ఒరుసుకుంటూ పడితేనే లోతులు నీడపట్టి అక్షరాలు లేస్తాయి. ఫోకస్ కుదిరాక ఆటోఫోకస్ ఆపి, కెమెరాను కదపక, నాలుగు వైపుల నుంచి దీపం పట్టి నాలుగు ఫోటోలు తీస్తే, ఒక దానిలో దాగిన గీత మరొక దానిలో దొరుకుతుంది.

ఇంత శ్రమ దేనికని అనిపించవచ్చు. ఇదే దంతెవాడ జిల్లాలో ఢోల్‌కల్ కొండకొమ్మున శతాబ్దాలుగా కూర్చున్న గణపతి విగ్రహం 2017 జనవరిలో కిందపడి ముక్కలయింది. ముక్కలు ఏరి, అతికించి, మళ్లీ అక్కడే నిలిపారు. పడకముందు ఆ రాతి చెక్కడం ఎలా ఉండేదో చెప్పగలిగేవి అంతకుముందు తీసిన ఫోటోలే. వాటిలో మసకబారినవాటికి ఇక రెండవ అవకాశం లేదు.

అడవి దారిన వెళ్లేవారికి రెండు మూడు చిన్న మాటలు. మానిటర్‌కు విడిగా బ్యాటరీ కావాలి. జూమ్ తెరిచి ఉంచితే కెమెరా బ్యాటరీ కూడా త్వరగా దిగుతుంది. కనుక రెండింటికీ అదనపు జతలు తప్పవు. తీగ బరువు కెమెరా సాకెట్‌మీద పడకుండా స్టాండు కాలికి కట్టివేయాలి. ఆలయంలో ముందుగా అనుమతి తీసుకోవాలి. తేదీ రాసిన చీటీని, కొలబద్దను అక్షరాలున్న తలానికి సమంగా పెట్టి ఒక ఫోటో తీయాలి. ఆ చీటీమీది అంకె ఫోకస్‌లో ఉన్నదో లేదో కూడా మానిటర్‌లోనే చూసుకోవాలి.