పెడన ఎరుపు కల్తీ కాదు

వేరునుండి దిగిన ఎరుపు సహజమనియు, కర్మాగారమునుండి వచ్చిన అలిజరిన్ ఎరుపు కల్తీయనియు, అందుచేత నేటి పెడన కలంకారీ పేరునకు మాత్రమే కలంకారీయనియు చెప్పు మాట కళాభిమానులలో శాస్త్రవాక్యమువలె చెలామణి యగుచున్నది. ఆ మాట రసాయనశాస్త్రము ముందు నిలువదు.

1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును పెడనకు చేరువనున్న బందరున వర్తకస్థానములు నెలకొల్పుకొన్న కాలమునాటికే ఈ సీమ అద్దకమునకు వన్నె తెచ్చినది తీరపు ఇసుకనేలలలో పెరిగెడి చిరివేరు. అందలి రంజకద్రవ్యములలో ముఖ్యమైనది అలిజరిన్. దానినే 1868లో జర్మనీయందు గ్రేబె, లీబర్మన్ అను రసాయనజ్ఞులు బొగ్గుతారులో దొరకు ఆంథ్రసీన్‌నుండి నిర్మించిరి. అణువునకు 14 కర్బన, 8 ఉదజని, 4 ఆమ్లజని పరమాణువులు; వేరులోని దానికిని డబ్బాలోని దానికిని ఈ లెక్కయే కాదు, అమరికయు నొక్కటియే.

లెక్క మాత్రమే చాలదనుటకు ఆంథ్రాఫ్లేవిక్ ఆమ్లము సాక్షి. సరిగా అవే పరమాణువులు, అన్నియే కలవు. కాని అలిజరిన్‌లో 1, 2 స్థానములయందు ప్రక్కప్రక్కన, కీటో ఆమ్లజనికి చేరువగా నున్న హైడ్రాక్సిల్ జంట, దీనిలో 2, 6 స్థానములకు విడిపోయి దూరమైనది. కరక్కాయయు గేదెపాలును పట్టించిన గుడ్డపై అచ్చుతో నద్దిన పటికలోని అల్యూమినియమును, రాగికాగులో మరుగునప్పుడు అలిజరిన్ ఆ చేరువ ఆమ్లజనులతో బిగబట్టి, పటిక యున్నచోటనే ఎరుపై నిలుచును. ఆంథ్రాఫ్లేవిక్ ఆమ్లమునకు ఆ పట్టు లేదు, కనుక పటికపై అది రంగు నిలుపజాలదు. ఉతుకునకు తట్టుకొను గుణము పుట్టినది అమరికవలన. పుట్టినచోటు వలన కాదు.

చిరివేరులో అలిజరిన్‌తోబాటు తత్సంబంధ ద్రవ్యములు కొన్ని యుండుటచే ఛాయలో సూక్ష్మభేదము కలుగునని నేనును అంగీకరింతును. కర్మాగారపు అలిజరిన్ రాకతో వేరు త్రవ్వి జీవించినవారి బ్రతుకు చితికినదనుటయు సత్యమే, అది మిగుల బాధాకరము. అయినను ఆ దుఃఖమును అణువుపై దోషముగా మోపి, కాగుల పొగలో కన్నులు మండించుకొనుచు పనిచేయు పెడన అద్దకపువారిని కల్తీదారులనుట అన్యాయము.

కొనువారలారా! ఈ ఎరుపు వేరుదా, డబ్బాదా యని అడుగవలదు. పటికపై మరిగించి నిలిపినదా, స్క్రీనుతో పైపైన అచ్చొత్తినదా యని అడుగుడు.