ద్రవ్యోల్బణం తగ్గినా తగ్గని వెచ్చాల ఖర్చు

2025 అక్టోబరులో దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతానికి పడిపోయిందని, 2012ను ఆధార సంవత్సరంగా తీసుకున్న ధరల సూచీ మొదలైన నాటి నుంచి ఇంత తక్కువ ఎన్నడూ నమోదు కాలేదని కేంద్ర గణాంక శాఖ లెక్కలు తేల్చాయి. ఆహార వస్తువులను విడిగా చూస్తే వాటి ధరలు అంతకు ముందటి అక్టోబరుతో పోల్చినప్పుడు సుమారు 5 శాతం తగ్గాయి. తెలంగాణలోనైతే అదే ఏడాది జూన్ నాటికే ద్రవ్యోల్బణం సున్నా కంటే దిగువకు చేరింది. ఇన్ని శుభవార్తలు వెలువడిన నెలల్లోనూ కిరాణా దుకాణంలో నెల వెచ్చాలు కట్టించుకునే కుటుంబాలకు ఊరట కలిగిన దాఖలాలు పెద్దగా లేవు. చీటీలో రాసుకున్న సరుకులు మారలేదు, కొట్టువాడు వేసిన మొత్తం మాత్రం మళ్లీ ఒకసారి కూడి చూసుకోవలసినంతగా కనిపించింది. లెక్కలు తప్పని జనం, జనానిది భ్రమ అని అధికారులు అనుకోవడం ఇటువంటి సందర్భాల్లో మామూలే గానీ, లెక్కకూ అనుభవానికీ మధ్య ఉన్న ఈ దూరానికి కచ్చితమైన కారణాలున్నాయి, వాటిలో కొన్ని విధాన నిర్ణయాల నుంచే పుట్టాయి.

ద్రవ్యోల్బణం అంటే ధర కాదు, ధర పెరిగే వేగం. నిరుడు ఇదే నెలలో ఒక సరుకుల బుట్టకు ఎంత అయింది, ఇప్పుడు ఎంత అవుతోంది అన్న తేడాను శాతంగా చెప్పే అంకె అది. వంద రూపాయల సరుకు ఒక ఏడాది పది శాతం, మరుసటి ఏడాది ఒక శాతం పెరిగితే ద్రవ్యోల్బణం పదోవంతుకు పడిపోయినట్టు పత్రికలు రాస్తాయి, కొనేవారు మాత్రం 111 రూపాయలు చెల్లిస్తారు. 2012లో వంద దగ్గర మొదలైన సూచీ, ద్రవ్యోల్బణం అత్యల్పంగా నమోదైన ఆ 2025 అక్టోబరులోనే, సుమారు 197 దగ్గర నిలిచింది. జీతం ఈ మధ్యకాలంలో దాదాపు రెట్టింపు కాని ప్రతి కుటుంబమూ ఆ మేరకు వెనకబడినట్టే. పైగా 2024 అక్టోబరులో ఆహార ద్రవ్యోల్బణం 10.87 శాతం, అందులో కూరగాయలది 42 శాతం ఉండటంతో, అంత ఎత్తున ఉన్న నెలతో పోల్చిన 2025 అక్టోబరు తప్పనిసరిగా చిన్నదిగానే కనిపిస్తుంది. ఆర్థికవేత్తలు దీన్ని ఆధార ప్రభావం అంటారు. పోలికకు పెట్టుకున్న గీటురాయి ఎత్తులో ఉంటే వర్తమానం దిగువన ఉన్నట్టు తోస్తుందన్నదే దాని సారాంశం.

ఆ అక్టోబరు సగటును విప్పి చూస్తే అసలు సంగతి ఇంకాస్త స్పష్టమవుతుంది. కూరగాయల ధరలు ఏడాదిలో నాలుగో వంతుకు పైగా తగ్గాయి, పప్పుల ధరలూ బాగా దిగాయి, నూనెల ద్రవ్యోల్బణం మాత్రం రెండంకెల్లోనే కొనసాగింది. సూచీలో ఒక్కో వస్తువుకు కుటుంబ ఖర్చులో దానికున్న వాటాను బట్టి ఒక భారాన్ని కేటాయిస్తారు. 2012 సూచీలో టమాటా, ఉల్లి, బంగాళదుంప మూడింటి భారం కలిపి 2.2 శాతం మాత్రమే ఉండగా పాలు, పాల ఉత్పత్తులది 6.61 శాతం, నూనెలు, కొవ్వులది 3.56 శాతం, తృణధాన్యాలది 9.67 శాతం. అయినా మంత్రివర్గ సమావేశాలు, రాయితీ కౌంటర్లు, పతాక శీర్షికలు అన్నీ ఆ 2.2 శాతం చుట్టూనే తిరుగుతుంటాయి. రెండు నెలల్లో ఎగసి రెండు నెలల్లో కూలిపోయే ధర వార్త అవుతుంది. ఏడాదికి నాలుగైదు రూపాయలు పెరిగి మరి వెనక్కి రాని ధరను ఎవరూ పట్టించుకోరు. ఇంటి బడ్జెట్‌ను శాశ్వతంగా మార్చేది మాత్రం ఈ రెండో రకమే.

టమాటా కథ మొదటి రకానికి పాఠ్యపుస్తకం వంటి ఉదాహరణ. 2023 వేసవిలో మహారాష్ట్ర, కర్ణాటక రైతులకు గిట్టుబాటు కాక పంటను పారబోయవలసి వచ్చింది, కొందరు వేరే పంటలకు మళ్లారు, మిగిలిన తోటల్లో కోలారు ప్రాంతాన ఆకుముడత తెగులు, మహారాష్ట్రలో మరో వైరస్ సోకాయి, ఆపైన వానలు రవాణాను దెబ్బతీశాయి. జులై చివరికి మదనపల్లె మార్కెట్లో మేలురకం కిలో 200 రూపాయల దరిదాపుల్లో పలికింది. ఆ నెల దేశంలో ఆహార ద్రవ్యోల్బణం 11.51 శాతానికి చేరింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50 రూపాయలకు అమ్మించింది, కేంద్రం సహకార సంస్థల ద్వారా ఢిల్లీ వంటి నగరాల్లో వాహనాలు పెట్టి విక్రయించింది. ధర చూసి ఆశపడిన రైతులు పెద్దఎత్తున నాట్లు వేశారు. నాటిన రెండు నెలలకు కోతకొచ్చే పంట కాబట్టి సెప్టెంబరు నాటికి సరుకు ఒక్కసారిగా వెల్లువెత్తి, పత్తికొండ వంటి మార్కెట్లలో కోత కూలి కూడా రాని స్థితికి ధర పడిపోయింది, రోడ్డు పక్కన టమాటా కుప్పలు మళ్లీ కనిపించాయి. నేటి ధరను చూసి రేపటి సాగును నిర్ణయించుకోవడం వల్ల ధర ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగే ఈ తీరుకు సాలెగూడు సిద్ధాంతమని 1934లోనే ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ పేరుపెట్టారు. తొంభై ఏళ్ల కిందటే రోగనిర్ధారణ జరిగిన ఈ వ్యాధికి మన మార్కెట్లలో నేటికీ రాయితీ కౌంటరే మందు కావడం, అదీ జ్వరం దానంతట అది దిగే సమయానికి చేరడం విచిత్రం.

కొనేవారు ఎక్కువ చెల్లించారు కాబట్టి పండించినవారికి ఎక్కువ ముట్టిందని అనుకోవడానికీ లేదు. రిజర్వు బ్యాంకు పరిశోధకులు 2024 అక్టోబరులో వెలువరించిన అధ్యయన పత్రం ప్రకారం వినియోగదారు టమాటాపై పెట్టే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలు, ఉల్లిలో 36, బంగాళదుంపలో 37. మిగిలినది కమీషన్, హమాలీ, రవాణా, చిల్లర వర్తకుడి లాభం, కుళ్లి పారేసిన సరుకు నష్టం కింద పోతుంది. ఇందులో ప్రతి మెట్టునూ దోపిడీ అనడం అన్యాయమే, ఎందుకంటే మండు వేసవిలో గంపలో సగం సరుకు మెత్తబడిపోయే వ్యాపారంలో ఆ నష్టాన్ని ఎవరో ఒకరు ధరలో కలుపుకోక తప్పదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లు ఈ మెట్లలో కొన్నింటిని తీసేయగలవని నిరూపించాయి, కానీ అవి పట్టణాల్లో చుట్టుపక్కల పల్లెల సరుకుకే పరిమితమయ్యాయి. వందల కిలోమీటర్లు ప్రయాణించే ఉల్లి, బంగాళదుంపలకు ఆ దారి చాలదు.

ఉల్లి విషయంలో కేంద్రం టమాటా కంటే కఠినంగా వ్యవహరించింది. 2023 ఆగస్టులో ఎగుమతిపై 40 శాతం సుంకం, డిసెంబరులో ఏకంగా నిషేధం, 2024 మేలో నిషేధం ఎత్తివేసినా సుంకం కొనసాగింపు, చివరికి 2025 ఏప్రిల్ నుంచి పూర్తి సడలింపు అనే క్రమంలో విదేశీ కొనుగోలుదారులు ఇతర దేశాలను వెతుక్కున్నారు. 2025 వానాకాలం చివర కర్నూలు ఉల్లి రైతు కుదేలైనప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొనవలసి వచ్చింది. ధర పెరిగినప్పుడు వినియోగదారుకు, పడినప్పుడు రైతుకు ఖజానా నుంచి ఇలా రెండుసార్లు చెల్లింపులు జరిగినా ఊగిసలాట మాత్రం అలాగే ఉంది.

ఇక నిశ్శబ్దంగా పెరిగే సరుకుల సంగతి. పాల ధర లీటరుకు రెండేసి రూపాయల చొప్పున పెరుగుతుంది, పశుగ్రాసం చవకైన ఏడాది కూడా తగ్గదు. బియ్యంలోనూ తెలుగువారి అనుభవం దేశ సగటుకు భిన్నం. సూచీలో ముతక, సన్న రకాలన్నీ కలిసిపోతాయి, ఉచితంగానో నామమాత్రపు ధరకో రేషన్‌లో అందేదీ కుటుంబ వ్యయాన్ని తగ్గిస్తుంది. ఆంధ్ర, తెలంగాణల్లో మాత్రం కార్డుపై వచ్చిన దొడ్డు బియ్యాన్ని అయినకాడికి అమ్మి, బాపట్ల పరిశోధనా కేంద్రం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి వంటి సన్న రకాన్ని బజారులో కొనుక్కుంటూ వచ్చిన ఇళ్లకు లెక్కలేదు. ఆ ఇళ్లకు ఉచిత బియ్యం సగటు ధరను తగ్గించిందన్న మాట వర్తించదు. 2025 ఉగాదికి తెలంగాణ రేషన్ దుకాణాల్లో సన్న బియ్యం పంపిణీని మొదలుపెట్టడం ఈ సంగతిని ప్రభుత్వం గుర్తించిన సందర్భం, అందువల్లే అది టమాటా కౌంటర్ల కంటే లోతైన చర్య. అంతకు ముందు 2023 జులైలో బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు అమెరికాలోని భారతీయ దుకాణాల్లో తెలుగువారు సోనా మసూరి బస్తాల కోసం బారులు తీరడం, ఈ ఒక్క ధాన్యానికి మన వంటింట ఉన్న చోటును ఖండాంతరంలో చాటింది.

పన్నులూ తూకాలూ కూడా ధరను కనబడకుండా మారుస్తాయి. 2022 జులై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన ధాన్యాలు, పప్పులు, పిండిపై 5 శాతం జీఎస్టీ పడటంతో తెలుగు రాష్ట్రాల మార్కెట్లలో 26 కిలోల బియ్యం బస్తా వెలిసింది. కుటుంబానికి అవసరం ఉన్నా లేకున్నా, పన్ను తప్పాలంటే ఒకేసారి అంత పెట్టుబడి పెట్టాలి. దినకూలీ ఇంటికి అది వీలుకాక ఐదు, పది కిలోల సంచే కొనవలసి వస్తుంది, అంటే పన్ను తక్కువ ఆదాయం వైపే జారింది. ప్యాకెట్ సరుకుల్లో మరో పోకడ ఉంది. ప్యాకెట్లకు నిర్ణీత పరిమాణాలే ఉండాలన్న నిబంధనను 2022లో తొలగించాక, లీటరు ప్యాకెట్ల పక్కన చూపుకు అంతే అనిపించే 800, 850 గ్రాముల నూనె ప్యాకెట్లు చేరాయి, ధర మారకుండా బిస్కెట్లు, సబ్బులు బరువు తగ్గాయి. ఒక్కో గ్రాముకు లేదా మిల్లీలీటరుకు ఎంత పడుతుందో అచ్చువేయాలని అదే సవరణ ఆదేశించింది గానీ, ఆ అంకెను చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ముద్రించినవి అరుదు. 2025 సెప్టెంబరులో అనేక ఆహార పదార్థాలపై జీఎస్టీ తగ్గించినప్పుడు ఆ మేలు ఎంత వరకు ధరలోకి, ఎంత వరకు తయారీదారు లాభంలోకి వెళ్లిందో కొనుగోలుదారు తేల్చుకోలేకపోవడానికి కూడా ఈ అస్పష్టతే కారణం.

ఆదాయం తగ్గేకొద్దీ ఖర్చులో ఆహారం వాటా పెరుగుతుందని 1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త గమనించారు. 2022-23 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం భారతీయ గ్రామీణ కుటుంబం ఖర్చులో సుమారు 46 శాతం, పట్టణ కుటుంబం ఖర్చులో 39 శాతం ఆహారానిదే, అడుగు వర్గాల్లో అది ఇంకా ఎక్కువ. ఒకే ధరల పెరుగుదల రెండిళ్లను రెండు రకాలుగా తాకడానికి ఇది ఒక కారణమైతే, ఆదాయం సూచీకి ముడిపడి ఉందా లేదా అన్నది అంతకంటే పెద్ద కారణం. ప్రభుత్వ ఉద్యోగికి ధరలు పెరిగిన మేర కరవు భత్యం లెక్కగట్టి ఇస్తారు, ఆలస్యమైనా బకాయిగానైనా అది హక్కుగా మిగులుతుంది. దుకాణంలో గుమాస్తాకు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి, ఇళ్లలో పనిచేసే ఆమెకు అటువంటి ముడి లేదు. కనీస వేతనాలను ఐదేళ్లకు మించకుండా సవరించాలని 1948 నాటి చట్టం చెప్పినా, ఆ సవరణ ఏళ్లతరబడి ఆగిపోయిందన్నది ఉభయ రాష్ట్రాల కార్మిక సంఘాల పాత ఫిర్యాదు. ధరల సెగ అని మనం పిలుస్తున్నదానిలో పెద్ద భాగం, కదలని వేతనాల సెగే.

ప్రభుత్వ నిర్ణయమే నేరుగా వంటింటికి చేరిన ఉదంతం నూనె. దేశం తినే నూనెలో సగానికి పైగా దిగుమతే. పామాయిల్ ఇండోనేసియా, మలేసియాల నుంచి, పొద్దుతిరుగుడు నూనె ప్రధానంగా రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి వస్తుంది కాబట్టి 2022లో యుద్ధం, ఆ వెంటనే ఇండోనేసియా విధించిన ఎగుమతి నిషేధం తెలుగింటి పోపు గరిటె దాకా తాకాయి. ఆ తర్వాత ధరలు దిగాక, సోయాబీన్‌కు క్వింటాలుకు 4,892 రూపాయల మద్దతు ధర దక్కడం లేదన్న ఆందోళనతో కేంద్రం 2024 సెప్టెంబరు 14న ముడి నూనెలపై దిగుమతి సుంకాన్ని సెస్సులతో కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. అది సరిగ్గా దసరా, దీపావళి పిండివంటల ముందు. అప్పటికే పామాయిల్‌ను డీజిల్‌లో కలపడాన్ని ఇండోనేసియా పెంచుతూ వస్తుండటం వల్ల అంతర్జాతీయ ధర కూడా ఎక్కింది, రెండూ కలిసి ప్యాకెట్ ధరను లేపాయి. సోయాబీన్ రైతు మాత్రం ఆ సీజన్‌లో చాలా మార్కెట్లలో మద్దతు ధర కంటే తక్కువకే అమ్ముకున్నాడు. 2025 మే చివర ముడి నూనెలపై మూల సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించారు, అప్పుడు ఆయిల్‌పామ్ సాగుదారులు తమ గెలల ధర పడిపోతుందని కలవరపడ్డారు.

ఆ కలవరం అకారణమైనది కాదు. 2021లో 11,040 కోట్ల రూపాయలతో ప్రకటించిన జాతీయ మిషన్ ఈ పంటను విస్తరింపజేయాలని సంకల్పించగా, ఏలూరు నుంచి ఖమ్మం దాకా వేల కుటుంబాలు నాలుగేళ్ల వరకు రాబడి రాని మొక్కపై భూమిని పెట్టాయి. వారి గెల ధర ముడి పామాయిల్ ధరకు ముడిపడి ఉంటుంది, ఆ ధరను సుంకం నిలబెడుతుంది. అందువల్ల దేశీయ ఉత్పత్తి పెరిగినంత మాత్రాన నూనె చవకవుతుందన్న ఆశ, సుంకం ఉన్నంతకాలం, సగమే నిజం. రైతుకు భరోసా ఇవ్వడానికి ప్రభుత్వం ముందు రెండు దారులున్నాయి. ఒకటి, సుంకం పెంచి నూనె కొనే ప్రతి ఇంటి నుంచీ వసూలు చేయడం. ఇందులో కోటీశ్వరుడూ కూలీ లీటరుకు ఒకే మొత్తం చెల్లిస్తారు. రెండోది, ధర పడినప్పుడు తేడాను ఖజానా నుంచి నేరుగా రైతు ఖాతాకు జమ చేయడం. ఈ తేడా చెల్లింపు పద్ధతికి అదే మిషన్‌లో నిబంధన ఉంది. మొదటిది బడ్జెట్ పత్రాల్లో ఖర్చుగా కనిపించదు కాబట్టి పాలకులకు సుఖం. రెండోది కనిపిస్తుంది, శాసనసభలో, పార్లమెంటులో దానికి లెక్క చెప్పవలసి వస్తుంది, ఆదాయపు పన్ను కట్టేవారు దాని భారంలో ఎక్కువ వాటా మోస్తారు. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు సుంకం పెంచమని కేంద్రానికి లేఖ రాసేటప్పుడు ఆ లేఖ తమ రేషన్ కార్డుదారుల నూనె ఖర్చును ఎంత పెంచుతుందో కూడా అదే కాగితంపై లెక్కగట్టి జతచేయడం న్యాయం.