బ్యాడ్జి పెట్టాక పుట్టే బెరుకు

ఉక్కు కార్ఖానాకు పనివాళ్లను తయారుచెయ్యడానికి జంషెడ్‌పూర్‌లో 1921లోనే టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. కుర్రాణ్ణి కొలిమి ముందు నిలబెట్టి చప్పట్లు కొడితే పని రాదని ఆ ఊరికి వందేళ్ల కిందటే తెలుసు. అదే ఊళ్లో కద్మాలోనో సాక్చీలోనో ఇంటింటికీ తిరిగి సబ్బులు, ప్రొటీన్ పొడి డబ్బాలు అమ్మే ఇల్లాలి కింద నలుగురు చేరితే చాలు, టీమ్ లీడర్ అని బ్యాడ్జి పెట్టి చప్పట్లతో సాగనంపుతారు. ఇంటికొచ్చాక ‘నా వల్ల అవుతుందా’ అని ఆమెకు గుబులు పుడితే దాన్ని పోగొట్టడానికి ఇంకో మోటివేషన్ మీటింగు పెడతారు. నన్నడిగితే ఆ గుబులును తరిమెయ్యడం కన్నా ముందు అదేం చెబుతోందో వినడం మేలు. చాలాసార్లు అది చెప్పేది నిజమే.

అమెరికాలో సేల్స్ ఉద్యోగుల రికార్డులు పరిశీలించి అలన్ బెన్సన్, డానియెల్ లీ, కెల్లీ షూ 2019లో ఓ పరిశోధన పత్రం ప్రచురించారు. బాగా అమ్మేవాళ్లకే ప్రమోషన్లు ఎక్కువగా వస్తున్నాయి. తీరా మేనేజర్లయ్యాక వాళ్ల కింద పనిచేసేవాళ్ల అమ్మకాలు మాత్రం తగ్గుతున్నాయి. అమ్మడం ఒక విద్య, అమ్మించడం మరొకటి. ఇలా ఇంటింటికీ తిరిగి అమ్మే డైరెక్ట్ సెల్లింగ్‌లో ఇంకో చిక్కుంది. కార్ఖానా ఫోర్‌మన్ చేతిలో హాజరు పట్టీ ఉంటుంది. ఈ లీడరు చేతిలో ఏముంటుంది? ఉత్తరాంధ్ర నుంచి తాతల నాడే జంషెడ్‌పూర్ వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో టీమంటే తోడికోడలు, పక్క క్వార్టర్ పిన్నిగారు, బిష్టుపూర్ రామమందిరంలో పలకరించే అక్కయ్య. గదమాయిస్తే చుట్టరికం చెడుతుంది, ఊరుకుంటే టార్గెట్ తప్పుతుంది. బెరుకు కలగకపోతేనే వింత.

ఈ బెరుకు ఉపన్యాసాలతో పోదు, పని నేర్చుకుంటేనే పోతుంది. కొత్తగా చేరినామెతో కలిసి ఓ ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఇంటావిడ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి ‘రేటెక్కువే’ అంటుంది. లీడరుకు నోరు ఊరుకోదు, ఠక్కున డబ్బా అందుకుని తానే జవాబు చెప్పేస్తుంది. సరుకు అమ్ముడవుతుంది, పక్కనున్నామె మాత్రం ఏమీ నేర్చుకోదు. ఆ నిమిషం పెదవి బిగబట్టి కూర్చుని, మెట్లు దిగాక ఏం తడబడిందో మాట్లాడుకోవడమే లీడరు అసలు పని. అలా పదిళ్లు తిరిగితే తనకేం వచ్చో ఏం రాదో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మొహంలో అనుమానం కనిపిస్తే ఎవరు కొంటారని సేల్స్‌లో తలపండినవాళ్లు అంటారు. నిజమే, కానీ గడప దగ్గర ధైర్యాన్నిచ్చేది సరుకు గురించిన ఎరుకే, దానికి ‘నాకు తిరుగులేదు’ అన్న భ్రమ అక్కర్లేదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. సత్తా ఉండీ తమకేమీ రాదనుకునే స్త్రీల గురించి పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ 1978లోనే రాశారు. అలాంటివాళ్లతో ‘నీ అనుమానం నిజమే’ అంటే మళ్లీ వంటింట్లోకే నెట్టినట్టు కాదా? అందుకే ఎవరి మాటా పట్టించుకోకుండా నోటుబుక్కు చూడమంటాను. టీమ్‌లో ఎవరు ఎన్ని ఇళ్లకు వెళ్లారు, కొన్నవాళ్లలో ఎందరు మళ్లీ అడిగారు అన్న లెక్క మెచ్చుకోలుకూ లొంగదు, దిగులుకూ లొంగదు.

‘వీళ్లను నేను సరైన చోటికే తెస్తున్నానా’ అన్న రెండో అనుమానం వేరు. దాన్ని జయించమని ఎవరైనా చెబితే నేనొప్పుకోను. 2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు పిరమిడ్ పథకాలను నిషేధించాయి. మనుషుల్ని చేర్చినందుకు డబ్బు ముట్టకూడదు, చేరేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము వసూలు చెయ్యకూడదు, గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా ఎవరింటికీ వెళ్లకూడదు. చేరినవాళ్లు మనసు మార్చుకుని ఒప్పందం నుంచి తప్పుకోవడానికి గడువూ ఉండాలి. తన కంపెనీలో ఆ గడువు ఎన్ని రోజులో, టీమ్‌లో ఒక్కొక్కరి మంచం కింద అమ్ముడుపోని డబ్బాలు ఎన్నున్నాయో, వాటి మీద ఎక్స్‌పైరీ తేదీ ఏముందో లీడరు వచ్చే మీటింగులోపే కనుక్కోవాలి.